పోప్ పర్యటన ఖర్చు: సర్వే ప్రశ్నల అసలు పాఠం ఎవరి దగ్గరైనా ఉందా?

2010 సెప్టెంబరు 16–19 తేదీల్లో పోప్ 16వ బెనెడిక్ట్ బ్రిటన్ వెళ్లింది వాటికన్ దేశాధినేత హోదాలో. 1982లో రెండో జాన్ పాల్ వెళ్లింది మతగురువుగా మాత్రమే. అందుకే 2010 ఖర్చు రెండుగా చీలింది: అధికారిక కార్యక్రమాలు ప్రభుత్వానివి, ప్రార్థనలు ప్రధానంగా చర్చివి. ప్రభుత్వ వాటా అంచనా 1.2 కోట్ల పౌండ్ల దాకా వెళ్లింది. పోలీసు బందోబస్తు అందులో లేదు, అది వేరే పద్దు. విదేశీ సాయం నిధుల నుంచి 18.5 లక్షల పౌండ్లు మళ్లించడమైతే నా దృష్టిలో ముమ్మాటికీ తప్పే.

చిక్కల్లా ఈ ఖర్చు పన్నుల సొమ్ముతో భరించాలా అని అప్పట్లో జనాన్ని అడిగిన సర్వేలతోనే. "మతనాయకుడికి పన్నుల సొమ్మా?" అని అడిగితే ఒక జవాబు, "దేశాధినేతకు?" అంటే ఇంకొకటి వస్తాయి. బందోబస్తు కలిపారో లేదో చెప్పకపోతే అంకెలు పోల్చలేం. అప్పటి ప్రశ్నావళి, నమూనా సంఖ్య ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పంపండి. అదే కాలపు మరో అధికారిక పర్యటన ఖర్చు, బందోబస్తు విడిగా చూపింది, దొరికితే ఇంకా మేలు.