సోయా లైన్లలో ఏ తేడాను నమ్మి ఎంపిక చేయాలి?

ఓరుగల్లు_రేగడి: వరంగల్ దగ్గర నల్లరేగడిలో ఎఫ్5 లైన్లు (సంకరం తర్వాత ఐదో తరం) వేశాం. లైన్‌కు ఒక సాలు, 45×5 సెం.మీ. ఎడం, పోలికకు చెక్‌గా జేఎస్ 335 రకం. ఒకే లైన్‌లో ఒక మొక్కకు 25 కాయలు, ఇంకోదానికి 60. వంద గింజల బరువు మాత్రం అంతగా మారట్లేదు. ఇంకో లైన్‌లో గింజ కన్ను (గింజ కాయకు అతుక్కున్న చోటి మచ్చ) కొన్ని మొక్కలకు నలుపు, కొన్నిటికి గోధుమ. తల్లిది నలుపు, తండ్రిది గోధుమ. దేన్ని చూసి ఏరాలి?

గింజలపెట్టె: కాయల సంఖ్యను ఈ దశలో నమ్మకండి. పక్కన మొక్క చచ్చి ఖాళీ దొరికితే సోయా కొమ్మలేసి కాయలు పెంచేస్తుంది. అది జన్యువు గొప్పతనం కాదు, జాగా గొప్పతనం. సాలుకు రెండు చివర్లా అర మీటరు వదిలి, అటూ ఇటూ మొక్కలున్న ఐదింటిని తీసుకోండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు గింజల కాయల్ని విడివిడిగా లెక్కపెట్టండి. నాలుగు గింజల కాయలు తరచుగా సన్నటి ఆకులున్న లైన్లలోనే కనిపిస్తాయి, జేఎస్ 93-05 రకంలో లాగా.

బరువుకు తేమ సరిచేశారా? 12 శాతం తేమకు మార్చితే, 9 శాతం దగ్గర తూగిన 12 గ్రాములు 12.4 అవుతుంది, 14 శాతం దగ్గర తూగినది 11.7కు దిగుతుంది. కంటికి సమానమైన రెండు లైన్ల మధ్య 0.7 గ్రాముల తేడా అన్నమాట.

మొలక: గింజ పైతొక్క తల్లి మొక్కదే కాబట్టి ఒక మొక్క గింజలన్నిటికీ కన్ను ఒకే రంగులో ఉండాలి. మొక్క మొక్కకూ విడిగా నూర్చి చూడండి. నలుపు, గోధుమ మొక్కలు సుమారు 3:1లో ఉంటే అది విడిపోతున్న, అంటే జన్యువులు ఇంకా స్థిరపడని లైన్. ఈ లైన్ పుట్టిన ఎఫ్4 (నాలుగో తరం) మొక్కలో ఒక్కో జన్యువుకు ఎనిమిదింట ఒక వంతు ఆ అవకాశం ఉంటుంది. ఒకటి రెండు మొక్కలే తేడాగా ఉండి, పువ్వు రంగు, నూగు కూడా కలవకపోతే అది వేరే విత్తనం కలగలుపు, పీకేయండి. కంటి రంగు గింజ మీదకు పాకినట్టుంటే మొజాయిక్ వైరస్‌ను అనుమానించాలి, దాన్ని లక్షణంగా రాసుకోకూడదు.

ఓరుగల్లు_రేగడి: కాయలు చిట్లడం ఎలా చూడాలన్నా?

గింజలపెట్టె: పూర్తిగా పండిన కాయలు 25 కోసి, అన్ని లైన్లవీ ఒకే గదిలో తేమ సమానమయ్యేదాకా ఉంచండి. తర్వాత ఓవెన్‌లో 40 డిగ్రీల వద్ద 7 గంటలు పెట్టి, చిట్లినవి లెక్కపెట్టండి. 10 శాతం లోపు మంచిది, సగం దాటితే వదిలేయండి. ఒక లైన్ వారం ముందు, ఇంకోటి తర్వాత కోస్తే మాత్రం ఈ పోలిక పనికిరాదు.