పొట్టేలు పోగులు, పుట్టి వడ్లు: కలిసి కొంటే మిగులుతుందా?

మాగుంట లేఅవుట్:
నెల్లూరులో మా అపార్ట్‌మెంట్‌లో 8 ఇళ్ల వాళ్లం కలిసి ఊళ్ల నుంచి నేరుగా ఒక పొట్టేలు, ఒక పుట్టి వడ్లు కొందామనుకుంటున్నాం. అంగట్లో పొట్టేలని చెప్పి ముసలి గొర్రెను అంటగడుతున్నారని మా ఆయన అనుమానం. పోయిన వారం ఏడు విజిళ్లకీ ఉడకలేదు మరి. ఇట్టా కొన్నవాళ్లు ఉంటే లెక్కలు చెప్పండి. నిజంగా మిగులుతుందా?

పెన్నగట్టు:
డబ్బులు మిగులుతాయని మాత్రం దిగొద్దు మేడమ్. పోయిన కనుమకి మేం ఆరిళ్ల వాళ్లం తీసుకున్నాం. పొట్టేలు 30 కిలోలు తూగింది. కిలో 420 లెక్కన 12,600. కోసి ముక్కలు కొట్టినందుకు 900. చేతికొచ్చిన మాంసం ఎముకతో కలిపి 14 కిలోలు. అంటే కిలో 960 దాటింది. ఆ రోజు అంగట్లోనూ దాదాపు అంతే! పొట్టేలు బరువులో సగానికి కాస్త తక్కువే మాంసం అవుతుందని మాకు కత్తి పడ్డాకే తెలిసింది. లాభమంతా తలకాయ, కాళ్లు, బోటి, కార్జం, నల్ల (రక్తం) వీటిలో ఉంది. మా ఆరిళ్లలో బోటి కడిగే ఓపిక ఒక్కరికీ లేదు. కోసినతనే నవ్వుకుంటూ పట్టుకుపోయాడు. అయినా ఈ కనుమకీ తీసుకుంటాం. కూర రుచి అట్టా ఉంది.

కనిగిరి వైపు:
మా ఊళ్లో పండగలకి పోగులు వేయడం తాతల నాటి నుంచీ ఉంది. గొడవ వచ్చేదల్లా పంపకంలోనే. తొడ, డొక్క, మెడ, కార్జం అన్నీ ప్రతి పోగులోనూ కొంచెం కొంచెం పడాలి. పోగులు సర్దాక ఒకరిని వెనక్కి తిప్పి నిలబెట్టి, ఒక్కో పోగు మీద చెయ్యి పెట్టి "ఇది ఎవరికి?" అని అడుగుతారు. ఆయన ఏ పేరు చెబితే ఆ పోగు వాళ్లది. ఇంక మాట లేదు. తలకాయ, కాళ్లు మాత్రం విడిగా ధర కట్టి, కావాలన్న వాళ్లకిచ్చి, ఆ డబ్బు అందరి ఖర్చులో తగ్గిస్తాం. మీ వాట్సాప్ గ్రూపులో ఒకరు "నాకు బోన్‌లెస్", ఇంకొకరు "నాకు తొడ" అన్నారంటే అక్కడితో ఆపేయండి, స్నేహాలైనా మిగులుతాయి.

జొడిపి మంద:
మాది గొర్రెల ఇల్లు, ఉదయగిరి దగ్గర. అమ్మేవాళ్ల బాధ కూడా ఒకటుంది, వినండి. టౌన్ వాళ్లు ఫోన్‌లో పొట్టేలు చెప్పి, తెల్లారి ఇద్దరు తగ్గారని వద్దంటారు. ఆ మాట నమ్మి మేం వచ్చిన బేరం వదిలేసి ఉంటాం. సగం డబ్బు ముందు పంపితే మా నాయన మంచి జీవాన్ని పక్కకు తీసి కట్టేస్తాడు.

తూకం సంగతి. పొద్దున్నే, మేతకు వదలకముందు తూయించండి. సాయంత్రం మేసి, నీళ్లు తాగి వచ్చిన పొట్టేలు రెండు మూడు కిలోలు ఎక్కువే తూగుతుంది. ఆ బరువు పొట్టలోది, మీ కూరలోకి రాదు. కొందరు కావాలనే ఉప్పు పెట్టి నీళ్లు తాగిస్తారు, మావాళ్లలోనూ ఉన్నారు, దాచడం దేనికి. తూకం లేకుండా గుత్తగా మాట్లాడుకోవడం అనుభవం ఉన్నవాళ్ల పని. నడుం మీద చెయ్యేసి కండ చూడగలిగిన వాళ్లు ఎవరైనా వెంట ఉండాలి.

ఇంకోటి. తెల్లటి ఒంటి మీద మూతి చుట్టూ, కళ్ల చుట్టూ నలుపుంటే జొడిపి. ఒళ్లంతా తెలుపైతే పల్ల, ఎరుపైతే దొర. మూడూ నెల్లూరు గొర్రెలే. కాళ్లు పొడుగు, చెవులు వేలాడతాయి, ఉన్ని పెద్దగా ఉండదు. హైదరాబాద్ నుంచి వచ్చినాయన ఒకరు "మేకను చూపించి గొర్రె అంటావేంటి" అని మా నాయనతో అరగంట వాదించారు.

కోవూరు మాగాణి:
వడ్ల సంగతి నేను చెబుతా. మన దగ్గర పుట్టి అంటే 850 కిలోలు. ఆడిస్తే 65 శాతం లెక్కన 550 కిలోల బియ్యం అనుకోండి. మీ 8 ఇళ్లకి తలా 69 కిలోలు. ఆపైన నూకలు, తవుడు వస్తాయి. తవుడు ఎవరికని ముందే అనుకోండి. మిల్లువాళ్లు కూలి కింద ఉంచేసుకుంటామంటారు, ఒప్పుకుంటే డబ్బు తక్కువ అడగాలి.

మార్చి, ఏప్రిల్ కోతల్లో కొని వెంటనే ఆడిస్తే అన్నం ముద్దవుతుంది. పిలకాయలు ఒక్కరోజు కూడా తినరు. వడ్లుగానే ఆరు నెలలు ఉంచి, అప్పుడు రెండు విడతలుగా ఆడించండి. చోటు లేకపోతే పాత వడ్లే అడగండి, ధర ఎక్కువైనా నయం. కల్లంలో తడి వడ్లు తూస్తే నష్టం మీకే. మరీ ఎండబెట్టినా మరలో నూక అవుతుంది. రకం పేరు కూడా అడగాలి. 34449 అంటే నెల్లూరు మసూరి. పాతకాలపు నెల్లూరు రకం మొలగొలుకులు ఇస్తామని ఎవరైనా ఫోన్‌లో అంటే కాస్త వండి చూశాకే డబ్బివ్వండి. ఆ పేరుకున్న గిరాకీతో ఏ బియ్యమైనా అమ్మేస్తున్నారు.

కావలి ఉప్పుగాలి:
ఫ్రీజర్ నమ్ముకుని ఎక్కువ కొనొద్దు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానప్పుడు మాకు రెండు రోజులు కరెంటు లేదు. 6 కిలోల మటన్, 4 కిలోల రొయ్యలు పారబోశాం. ఆ వాసన వారం పోలేదు. ఇప్పుడు అరకిలో ప్యాకెట్లు కట్టి, నెలకు మించి ఉంచం. తుఫాను కబురు వినగానే ముందు ఫ్రీజర్ ఖాళీ చేస్తాం. చుట్టాలకు పండగే.

రొయ్యలు కూడా ఇట్టాగే గుంట దగ్గర కొంటాం. 40 కౌంట్ అంటే కిలోకి 40 తూగాలి, అక్కడే లెక్కపెట్టుకోవచ్చు. తల, పొట్టు తీశాక సగానికి కాస్త పైన మిగులుతుంది. పట్టుబడి ఎక్కువగా రాత్రిపూటే. ఐస్ పెట్టె తీసుకుని మనమే పోవాలి, వాళ్లు తెచ్చివ్వరు.

పెన్నగట్టు:
ఉలవపాడు మామిడికాయలు మర్చిపోయారే! పచ్చికాయలు తోటలోనే కొని ఇంట్లో వరిగడ్డిలో వేసుకుంటే కార్బైడ్ టెన్షన్ ఉండదు. అన్నీ ఒకేసారి పండుతాయి కాబట్టి ఇంటికి 10 కిలోలు మించొద్దు.

మాగుంట లేఅవుట్:
అందరికీ థాంక్స్. వడ్లు ఈ ఏడాదికి వద్దనుకున్నాం, మేడ మీద ఎలుకలున్నాయి. పొట్టేలు ఖాయం. తలా 1,900 ముందే వసూలు చేస్తున్నా. ఇద్దరు అప్పుడే "తర్వాత ఇస్తాం" అన్నారు, వాళ్లను తీసేశాను. ఇప్పుడు ఆరిళ్లం, 25 కిలోలది చాలు. వచ్చే ఆదివారం కుదురుతుందా జొడిపి మంద గారూ?

జొడిపి మంద:
ఆదివారం వద్దు మేడమ్. కోసేవాళ్లు అందరూ అంగళ్ల దగ్గరే ఉంటారు, మీకు తొందరతొందరగా కొట్టి పోతారు. బుధవారం పెట్టుకోండి. బోటి కడిగేవాళ్లు ఉన్నారో లేదో కూడా చెప్పండి, లేకపోతే మా నాయన తీసుకుంటాడంట.