వాల్‌గ్రిండ్‌కి ముందు ఏది కావాలి: కొత్త ప్రాసెసరా, ఉన్న ప్రాసెసర్‌లో కొత్త ఇన్‌స్ట్రక్షన్లా?

సీ_రైతు
ప్రోగ్రామ్‌ల్లో మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రిండ్‌లో, 2025 ఏప్రిల్‌లో వచ్చిన 3.25 వెర్షన్‌తో, రిస్క్-ఫైవ్ అనే ఓపెన్ ప్రాసెసర్ రకానికి (64 బిట్ లైనక్స్) సపోర్ట్ చేరింది. మంచిదే. కానీ అంతకంటే ముందు ఏవీఎక్స్-512 (ఒకేసారి 512 బిట్ల డేటా మీద పనిచేసే ఇన్‌స్ట్రక్షన్లు) రావాల్సింది, ఇది నా గట్టి అభిప్రాయం. మొన్న ఆఫీసు సర్వర్ మీద మా ఇమేజ్ ప్రోగ్రామ్‌ని వాల్‌గ్రిండ్‌లోని మెమరీ తనిఖీ సాధనం మెమ్‌చెక్ కింద పెట్టాను. మొదలవ్వగానే "అన్‌హ్యాండిల్డ్ ఇన్‌స్ట్రక్షన్ బైట్స్" అని సిగ్నల్ 4తో ఆగిపోయింది. వరసలో మొదటి బైటు హెక్స్‌లో 62, అంటే ఏవీఎక్స్-512 ప్రిఫిక్స్. ఇంటెల్ సర్వర్ చిప్‌ల్లో 2017 నుంచి, ఏఎండీ జెన్ 4లో 2022 నుంచి ఉన్నదే కదా ఇది! రోజూ వాడే మెషీన్ మీదే నడవకపోతే ఎలా?

బైట్_బాబాయ్
తమ్ముడూ, మార్చ్ నేటివ్ (ఈ మెషీన్‌లో ఉన్న ఇన్‌స్ట్రక్షన్లన్నీ వాడమని కంపైలర్‌కి చెప్పే ఆప్షన్) పెట్టి కంపైల్ చేశావా? వాల్‌గ్రిండ్ ప్రోగ్రామ్‌కి చూపించే సీపీయూఐడీలో, అంటే ప్రాసెసర్‌కి ఏమేం వచ్చో చెప్పే జాబితాలో, ఏవీఎక్స్-512 ఉండదు. లైనక్స్ సీ లైబ్రరీ జీలిబ్‌సీ రన్‌టైమ్‌లో దాన్ని అడిగి చూసుకుని, అంతకు ముందుదైన ఏవీఎక్స్2 దారి పడుతుంది, ఏ గొడవా ఉండదు. అడక్కుండా కంపైలరే పెట్టేసినప్పుడే ఇలా పడిపోతుంది. మార్చ్‌ని ఏవీఎక్స్2 దగ్గరే ఆగే ఎక్స్86-64-వీ3కి మార్చి చూడు.

ఇక రిస్క్-ఫైవ్ పని ఆపేస్తే ఆ మనుషులు వచ్చి నీ పని చేస్తారనుకోకు. ఎవరికి ఏ బోర్డు అవసరమో వాళ్లే దానికి రాస్తారు. ఐఐటీ మద్రాస్ శక్తి, సీ-డాక్ వేగా రెండూ రిస్క్-ఫైవే. వాటి మీద సీ రాసే పిల్లలకి మెమరీ తప్పులు చూపించే సాధనం అక్కర్లేదా?

హీప్_హైదరాబాద్
ఇద్దరూ ఇంత దూరం ఎందుకండీ? కంపైలర్‌తోనే వచ్చే మెమరీ తనిఖీ, అడ్రస్‌శానిటైజర్ వాడండి. రెండింతలు నెమ్మదిస్తుందంతే, మెమ్‌చెక్ కింద పది ఇరవై రెట్లు పోతుంది.

సీ_రైతు
బాబాయ్, నిజమే, సీమేక్ ఫైల్లో మార్చ్ నేటివ్ ఉంది. వీ3 పెట్టాక నడిచింది. ఇమేజ్ ప్రతి వరస చివర ప్యాడింగ్ బైట్లు నింపకుండానే పోల్చి చూస్తున్నాం, అదీ దొరికింది.

హైదరాబాద్ గారూ, సరిగ్గా ఆ తప్పే అడ్రస్‌శానిటైజర్‌కి కనపడదు. ఇనిషియలైజ్ కాని (ముందుగా ఏమీ నింపని) విలువలు అది చూడదు. మెమరీశానిటైజర్ చూస్తుంది కానీ క్లాంగ్ కంపైలర్ కావాలి, లైబ్రరీలన్నీ మళ్లీ కంపైల్ చేయాలి. మాకు బయటివాళ్లు ఇచ్చిన లైబ్రరీ ఒకటుంది, సోర్స్ ఇవ్వలేదు, ఏవీఎక్స్-512తోనే కట్టారు. దానికి వీ3 సలహా పనికిరాదు. నేను అడిగేది దాని గురించే.

బైట్_బాబాయ్
ఆ కేసులో నీ మాట ఒప్పుకుంటాను. కానీ పని ఎంతుందో కూడా చూడు. ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నీ వాల్‌గ్రిండ్ లోపల వాడే వెక్స్ మధ్యరూపంలోకి మార్చాలి, దాని మీద మెమ్‌చెక్ ప్రతి బిట్టుకీ, అది ఇనిషియలైజ్ అయిందా లేదా చెప్పే ఒక నీడ బిట్టు మోయాలి. ఇక్కడ 512 బిట్ల రిజిస్టర్లు 32, పైన ఏ లేన్‌లో (రిజిస్టర్‌లోని ఒక్కో విలువ ముక్క) పని జరగాలో చెప్పే మాస్క్ రిజిస్టర్లు 8. మాస్క్‌లో బిట్టు ఇనిషియలైజ్ కాకపోతే ఆ లేన్ ఫలితాన్ని నమ్మాలా వద్దా? అది తప్పుగా తేల్చితే ఉత్తుత్తి హెచ్చరికలతో లాగ్ నిండిపోతుంది. రిస్క్-ఫైవ్ పోర్ట్‌ని అయితే ఆర్‌వీ64జీసీ అనే మామూలు ఇన్‌స్ట్రక్షన్ల సెట్ దగ్గర మొదలుపెట్టారు, అందులో ఇలాంటి వెక్టార్ ఇన్‌స్ట్రక్షన్లు లేవు.

సీ_రైతు
అయితే ఆ లైబ్రరీలో పడిపోయిన ఇన్‌స్ట్రక్షన్లు ఒక్కొక్కటీ విడదీసి చిన్న చిన్న టెస్టులు రాస్తాను. పది పన్నెండు కంటే ఎక్కువ ఉండవనుకుంటా. శనివారం మొదలుపెడతా బాబాయ్, మాస్క్ ఉన్నవి మీరు ఒకసారి చూడండి.