మాజీ సైనికుల పిల్లల స్కాలర్‌షిప్‌లకు కంపెనీ ఫౌండేషన్లను ఎలా అడగాలి?

పాత హవల్దార్, గిద్దలూరు:
అందరికీ నమస్కారం. నేను ఆర్మీలో వాహనాలు, యంత్రాలు రిపేరు చేసే ఈఎంఈ విభాగంలో 24 ఏళ్లు చేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. మా గిద్దలూరు చుట్టుపక్కల ఊళ్లలో ఫౌజుకి వెళ్లినవాళ్లు ఎందరో మీరు వినే ఉంటారు. 2019లో పదకొండుమందిమి కలిసి సొసైటీ పెట్టాం. పెన్షన్‌లోంచి తలా నెలకు ₹500 వేసుకుని ఏటా కొందరు పిల్లల ఫీజు కడుతున్నాం. పోయినేడు 31 అర్జీలొస్తే ఏడుగురికే ఇవ్వగలిగాం. మిగతావాళ్ల మొహం చూడలేక రెండు వారాలు టీకొట్టు వైపే పోలేదు.

అందుకే ఫౌండేషన్లకు లెటర్లు రాశాను. 14 రాస్తే జవాబు రెండే. ఒకచోట నుంచి మేడమ్ ఫోన్ చేసి, "మాజీ సైనికుల పిల్లలకు ప్రభుత్వం పీఎం స్కాలర్‌షిప్ ఇస్తోందిగా, మళ్లీ మీరెందుకు?" అన్నారు. నోట మాట రాలేదు. లెటర్‌లో కార్గిల్ గురించే రెండు పేజీలు రాశాను మరి. మాకు 12ఏ (సొసైటీ ఆదాయానికి పన్ను మినహాయింపు) ఉంది, 80జి (విరాళం ఇచ్చేవాళ్లకు పన్ను మినహాయింపు) లేదు. ఏం చేయమంటారు?

సీఎస్ఆర్‌లో పనిచేసినావిడ, హైదరాబాద్:
సార్, అలాంటి లెటర్లు నా టేబుల్ మీదికి చాలా వచ్చేవి. కళ్లు చెమర్చేవి, ఫైలు మాత్రం కదిలేది కాదు. సీఎస్ఆర్ అంటే కంపెనీలు లాభాల్లోంచి సమాజసేవకు పెట్టే డబ్బు. అది బయటి సొసైటీకి ఇవ్వాలంటే 12ఏ, 80జి రెండూ ఉండాలి, అదే రకం పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలి, కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖకు సీఎస్ఆర్-1 ఫారం వేసి రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకోవాలి. 80జి లేదంటే మీ లెటర్ ఎవరూ చదవరు. అనుభవం మీకు ఉంది, అది చిన్న విషయం కాదు.

ఇక ఆ మేడమ్ అడిగిన ప్రశ్న సరైనదే. పీఎం స్కాలర్‌షిప్ ఏటా 5,500 మందికి, అబ్బాయిలకు నెలకు ₹2,500, అమ్మాయిలకు ₹3,000. ఇంటర్‌లో 60 శాతం రావాలి, డిగ్రీ స్థాయి వృత్తి కోర్సులకే. మరి అది అందనిది ఎవరికి? మీరు ఇవ్వలేకపోయిన ఆ 24 మంది ఎవరో ముందు లెక్క తీయండి. మీ ప్రపోజల్ అక్కడుంది.

ఆడిటర్, ఒంగోలు:
హవల్దార్ గారూ, రెండు ప్రశ్నలు. మీ 12ఏ 2019దైతే, 2021లో రూలు మారాక మళ్లీ అప్లై చేసి కొత్త ఆర్డర్ తెచ్చుకున్నారా? చాలా సొసైటీలు ఇక్కడే దొరికిపోతాయి. రెండోది, ఫీజు పిల్లల చేతికి ఇస్తున్నారా, కాలేజీ ఖాతాకు వేస్తున్నారా? చేతికిస్తే ఇకనుంచి మానండి. కాలేజీ రసీదు మీ ఫైల్లో ఉండాలి.

డల్లాస్ తెలుగువాడు:
మా నాన్న సుబేదార్‌గా రిటైరయ్యారు. మేం నలుగురం స్నేహితులం ఏటా కొంత పంపగలం. సొసైటీ ఖాతాకు వేసేయమంటారా?

ఆడిటర్, ఒంగోలు:
బాబూ, ఆగు! నీకు ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే, నీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న స్నేహితుడి డబ్బు మాత్రం విదేశీ విరాళం కిందికి వస్తుంది. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి కావాలి, సొసైటీకి అది లేదు. అందరిదీ కలిపి ఒకరి పేరున పంపుదామనే తెలివి అసలొద్దు.

పాత హవల్దార్, గిద్దలూరు:
ఆడిటర్ గారూ, రెండు తప్పులూ చేశాం. సోమవారం ఒంగోలు వస్తున్నా.

మేడమ్, రాత్రి రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నా. 24 మందిలో తొమ్మిదిమంది పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలు. ఎనిమిదిమంది తండ్రులు ఇంకా సర్వీసులోనే ఉన్నారు కాబట్టి పీఎం స్కాలర్‌షిప్‌కి పనికిరారు. ముగ్గురికి 60 శాతం రాలేదు. మిగిలిన నలుగురికీ అర్హత ఉంది, కానీ ఆ డబ్బు తర్వాతెప్పుడో వస్తుంది, ఫీజేమో చేరే రోజే కట్టాలి. అందులో నాయక్ ర్యాంకులో చేసిన ఒకాయన భార్య, భర్త పోయారు, కూతుర్ని నర్సింగ్‌లో చేర్చడానికి గొలుసు తాకట్టు పెట్టింది. అది ఇంకా విడిపించలేదు. ఇవన్నీ నాకు తెలిసినవే, కాగితం మీద పెట్టాలని తట్టలేదు.

సీఎస్ఆర్‌లో పనిచేసినావిడ, హైదరాబాద్:
ఇదే సార్, ఇదే రాయండి! ఒక్క జాగ్రత్త: సీఎస్ఆర్ డబ్బు వేటికి వాడొచ్చో చెప్పే కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో సైనిక కుటుంబాల అంశం మాజీ సైనికులకు, యుద్ధ వితంతువులకు, వాళ్ల మీద ఆధారపడినవాళ్లకే. సర్వీసులో ఉన్నవాళ్ల పిల్లల్ని 'విద్య' అంశం కింద వేరుగా చూపించండి. కంపెనీల లెక్క ఏప్రిల్‌తో మొదలవుతుంది, మార్చిలో వెళ్తే ఆలస్యం.

పాత హవల్దార్, గిద్దలూరు:
సరే మేడమ్. కార్గిల్ రెండు పేజీలూ తీసేశాను. ఒక లైను ఉంచుకోవచ్చా? ఇంకోటి, ఐటీఐ పిల్లాడికి ఫీజుతో పాటు బస్ పాస్ కూడా అడగొచ్చా, ఫీజు ఒక్కటే అడగాలా?