ఫౌంటెన్స్ మఠంలో భోజనశాల అలా ఎందుకు తిరిగి ఉంది?

ప్రశ్న, ఒంగోలు నుంచి: చందవరం స్తూపం చూసొచ్చాక, ఇంగ్లండులో 1132లో మొదలైన ఈ సిస్టర్షియన్ (క్రైస్తవ సన్యాసుల్లో ఒక శాఖ) మఠం ప్లాను ముందేసుకున్నాను. భోజనశాల, మధ్య ముంగిలి చుట్టూ ఉండే నడవా వెంబడి కాకుండా దక్షిణానికి పొడుచుకొచ్చింది. ఎందుకండీ?

జవాబు: వంటింటి కోసమండి. శాలను అలా తిప్పితే ఒక పక్క వంటిల్లు, రెండో పక్క చలికాగే గది నడవాకే ఆనుకుంటాయి. వంటిల్లు మధ్యలో ఉంది కాబట్టి ఇటు సన్యాసులకూ, అటు పడమటి వరసలోని శ్రామిక సోదరులకూ (మఠంలో ఉంటూ ఒంటిపనులు చేసేవాళ్లు) వడ్డన దగ్గరే. ఆ వరస కింది కమానుల గది 90 మీటర్లకు పైనే, చూసి తీరాలి!

ఇంకొకరు: శ్రామిక సోదరుల మరుగుదొడ్లు స్కెల్ వాగు మీదే కట్టారు.

కందుకూరు నుంచి: 1539లో మఠం రద్దయ్యాక కప్పు మీది సీసం ఒలిచేశారు. గోడకు రెండు మొహాలే చెక్కుడు రాయి, లోపలంతా రాళ్లముక్కలూ సున్నమూ. పైనుంచి వాన దిగితే సున్నం కొట్టుకుపోయి మొహం రాళ్లు ఉబ్బి రాలతాయి. అతుకులకు సిమెంటు వద్దు, తేమ లోపలే చిక్కుతుంది. సున్నమే వాడాలి.