సీగల్ 1963 కొనాలా, హామిల్టన్ ఇంట్రా-మ్యాటిక్ దాకా ఆగాలా?

ప్రశ్న (కొత్తగా_కీ): పాత కాలపు లుక్ ఉన్న క్రోనోగ్రాఫ్ వాచీ (స్టాప్‌వాచ్ కూడా ఉండేది) కొందామని చాన్నాళ్లుగా అనుకుంటున్నా. ఆటోమేటిక్ వద్దు, పొద్దున్నే నా చేత్తో కీ ఇచ్చుకోవాలి, అదే సరదా. నిజంగా పాతది కొనే ధైర్యం మాత్రం లేదు. వెతికి వెతికి సీగల్ 1963 దగ్గర, హామిల్టన్ ఇంట్రా-మ్యాటిక్ క్రోనోగ్రాఫ్ హెచ్ దగ్గర ఆగాను. రెండోదాని డబ్బుతో మొదటివి నాలుగైదు వచ్చేలా ఉన్నాయి. అంత తేడా దేనికండీ? నా మణికట్టు సన్నం, వాడకం రోజూ.

స్ప్రింగుపిచ్చి: తక్కువ ధర కదా అని సీగల్ మెషీన్ నాసిరకం అనుకోకండి. చైనా వైమానిక దళం కోసం 1961లో మొదలైన ప్రాజెక్ట్ 304 దీని మూలం. స్విట్జర్లాండ్‌ వీనస్ 175 అనే క్రోనోగ్రాఫ్ మెషీన్ తయారు చేసే యంత్రాలు కొనుక్కుని టియాంజిన్ ఫ్యాక్టరీ మొదలుపెట్టిన పని అది. ఇప్పటి సీగల్‌లో ఉండే ఎస్‌టీ1901 మెషీన్ ఆ వంశమే. తమాషా ఏంటంటే, క్రోనోగ్రాఫ్‌ని ఆన్, ఆఫ్ చేయించే కాలమ్ వీల్ అనే పళ్ల చక్రం ఈ చవక వాచీలోనే ఉంది. ఖరీదైన హామిల్టన్‌లోని హెచ్-51 మెషీన్ వాల్జూ 7753 అనే మెషీన్ ఆధారంగా చేసింది, అందులో ఆ చక్రం బదులు కామ్ (వంపులున్న పలక) పద్ధతి. వెనక గాజు మూత ఉన్న సీగల్ తీసుకుని బటన్ నొక్కుతూ చూడండి, చిన్న కోట బురుజులా నిలబడ్డ ఆ చక్రం ఒక్కో అడుగు తిరగడం, లీవర్ దాని సందులోకి జారడం కనిపిస్తాయి. నేనైతే దీనికే కొనేస్తా.

రోజువారీ: చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ ఆయన అడిగింది రోజూ కట్టుకోవడానికి కదా. సీగల్ నీళ్లకు 30 మీటర్ల రేటింగ్, అంటే చేతులు కడుక్కునేటప్పుడు తుంపర్లు పడితే పర్లేదు, అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు. హామిల్టన్‌ది 100. ఒకసారి కీ ఇస్తే అది 60 గంటలు నడుస్తుంది, శుక్రవారం రాత్రి ఇచ్చి పక్కన పెట్టినా సోమవారం పొద్దున్న తిరుగుతూనే ఉంటుంది. సీగల్ అయితే ఆదివారానికే ఆగిపోతుంది. ఇంకోటి, టైమ్ సరిచేద్దామని కీ బయటికి లాగితే సీగల్‌లో సెకన్ల ముల్లు ఆగదు. సెకను తేడా లేకుండా పెట్టుకునే అలవాటుంటే చిరాకేస్తుంది.

కొత్తగా_కీ: అది నాకు పెద్ద ఇబ్బంది కాదు. సైజు సంగతి?

రోజువారీ: సీగల్ 38 మిల్లీమీటర్లలో దొరుకుతుంది, హామిల్టన్ 40. మందం రెండూ తక్కువేం కాదు, 14 దగ్గర దగ్గర. సన్నటి చేతికి 38దే నప్పుతుంది.

స్ప్రింగుపిచ్చి: గాజు కూడా చూసుకోండి. సీగల్‌లో అక్రిలిక్ (ఒక రకం ప్లాస్టిక్) ఉన్నదైతే గీతలు ఇట్టే పడతాయి, పాలిష్ పేస్టు రాసి రుద్దితే పోతాయి కూడా. హామిల్టన్‌ది సఫైర్ అనే బాగా గట్టి గాజు, మామూలు వాడకంలో గీత పడదు. అసలు ధర తేడా ఎక్కువగా ఇలాంటి చోట్లే ఉంది: కేసు ఫినిషింగ్, నీళ్లు లోపలికి పోకుండా ఆపే సీళ్లు, ఒక్కో వాచీ మీద పెట్టే చెకింగ్. సీగల్‌లో ఒకటి అద్భుతంగా వస్తే ఇంకోటి ఓ మోస్తరుగా రావచ్చు. సర్వీసింగ్‌కి వస్తే వాల్జూ కుటుంబం మెషీన్లు తెలిసిన మెకానిక్‌లు ఎక్కువ, సీగల్‌కి మాత్రం సర్వీసు ఖర్చు ఒక్కోసారి వాచీ ధరకి దగ్గరగా వెళ్తుంది.

కొత్తగా_కీ: అయితే అప్పు చేసి హామిల్టన్ కొనే ఆలోచన మానేస్తున్నా. 38 సీగల్, అక్రిలిక్‌దే. వాన రోజుల్లో కట్టుకోను, అంతే.

రోజువారీ: మంచి పని. చేతికి రాగానే క్రోనోగ్రాఫ్ ఆన్ చేసి కొన్ని నిమిషాలు నడవనివ్వండి, ఆపి రీసెట్ చేయండి. పెద్ద సెకన్ల ముల్లు సరిగ్గా 12 మీదకి రావాలి, 3 దగ్గరున్న నిమిషాల ముల్లు సున్నాకి చేరాలి. పక్కకి నిలబడితే సర్దుకుపోవద్దు, గడువు దాటకముందే మార్చి ఇవ్వమనండి. అందుకే రిటర్న్ తీసుకునే అమ్మకందారు దగ్గరే కొనండి, ఇంకో పది రూపాయలు ఎక్కువైనా సరే.