అప్‌డేట్: నాన్న రిపోర్టులు ఆభాలో ఎందుకు కనపడట్లేదో తేలింది

మొన్న అడిగాను కదా, గుంటూరులో నాన్నకి స్టెంట్ వేశారు, ఇప్పుడు హైదరాబాద్‌లో చూపిస్తుంటే ఆభా నంబర్ (ప్రభుత్వం ఇచ్చే హెల్త్ ఐడీ) చెప్పినా పాత రికార్డులేవీ రావట్లేదని. మీలో ఒకరు చెప్పిందే కరెక్టు, తప్పు యాప్‌ది కాదు.

నేనేమో ఆ 14 అంకెల నంబర్ చెప్తే చాలు, అన్నీ ఎక్కడో ఒక చోట ఉంటాయి, వచ్చేస్తాయి అనుకున్నా. అలా కాదంట. రికార్డులు ఏ ఆస్పత్రివి ఆ ఆస్పత్రి దగ్గరే ఉంటాయి, వాళ్ళు లింక్ చేస్తేనే మనకి కనపడతాయి, లింక్ చేయాలంటే పేరు, ఫోన్ నంబర్, పుట్టిన సంవత్సరం లాంటివి కలవాలి. గుంటూరులో అడ్మిషన్ రోజు కంగారులో మా తమ్ముడి ఫోన్ నంబర్ ఇచ్చాం, పైగా ఇంటిపేరు ఆధార్‌లో ముందుంటే వాళ్ళ కంప్యూటర్‌లో అసలు లేనే లేదు, పుట్టిన సంవత్సరం కూడా వయసు అడిగి అందాజాగా వేసేశారు!

శనివారం బస్సెక్కి ఆ ఆస్పత్రికే వెళ్ళా. కౌంటర్‌లో అమ్మాయి ముందు "సర్వర్ డౌన్ సార్" అంది, ఓ గంట కూర్చున్నాక తనే పిలిచి అన్నీ సరిచేసి లింక్ చేసింది, పాపం.

సోమవారం హైదరాబాద్ డాక్టర్ గారి దగ్గర్నుంచి నాన్న ఫోన్‌కి పర్మిషన్ రిక్వెస్ట్ వచ్చింది. ఏవి చూపించాలో, ఎప్పటిదాకా చూపించాలో మనమే పెట్టుకోవచ్చు, నెల రోజులు పెట్టా. డిశ్చార్జ్ సమ్మరీ, రక్తపరీక్షలు వచ్చాయి. యాంజియోగ్రామ్ వీడియో మాత్రం రాలేదు, ఆ సీడీ ఇంకా నాన్న చేతిసంచిలోనే తిరుగుతోంది.